సర్వర్‌లో దూరినవాణ్ణి నిజంగా పట్టుకోగలమా? పట్టుకున్నాక ఏమవుతుంది?

ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆఫీసు సర్వర్‌లో మీలో ఎవరూ తయారుచెయ్యని యూజర్ అకౌంట్ ఒకటి కనబడింది, మేనేజర్ గారు వెంటనే ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసెయ్యమంటున్నారు, మీకేమో వాడెవడో తేలేదాకా నిద్ర పట్టేట్టు లేదు. హ్యాకర్లు నిజంగా దొరుకుతారా, దొరికితే వాళ్ళకేమవుతుంది, మనకేం ఒరుగుతుంది అని అడిగారు. 19 ఏళ్ళుగా సర్వర్లతోనే నా కాపురం, అందులో సగం కాలం ఎవడో ఒకడు దూరాక పిలిస్తే వెళ్ళి చూసే పనే. దొరుకుతారండీ. కాకపోతే నల్లటి స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు పరిగెత్తించి పది నిమిషాల్లో పట్టెయ్యడం ఉండదు. విసుగు పుట్టేంత నిదానంగా, సగం నోటుబుక్కులో, సగం ఫోన్ల మీద నడిచే వ్యవహారం ఇది.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మొదట చెప్పేది 1986 నాటి బర్కిలీ కేసు. అంత పాత కథ మాకెందుకు సార్ అని మొహం పెడతారు. కానీ అందులో ఉన్న తలనొప్పులన్నీ ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి, మిషన్లే మారాయి.

కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్ అని ఉంది. అక్కడ క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోపుల మీద పనిచేసేవాడు. గ్రాంటు డబ్బులు అయిపోతే ఇంటికి పంపకుండా కంప్యూటర్ సెంటర్‌లో వేశారు. చేరిన కొత్తల్లో ఇచ్చింది అచ్చంగా గుమస్తా పని. అప్పట్లో కంప్యూటర్ వాడిన సెకన్లకి కూడా లెక్కగట్టి బిల్లు వేసేవాళ్ళు. ఆ నెల లెక్కలో 75 సెంట్లు తేడా వచ్చింది, ఎందుకో చూడవయ్యా అన్నారు. మనమైతే ఏదో రౌండింగ్ తప్పు అనుకుని జేబులోంచి వేసేసి టీకి పోతాం. ఆయన కూర్చుని తవ్వాడు. బిల్లు పంపే చిరునామా లేని అకౌంట్ ఒకటి దొరికింది, తొమ్మిది సెకన్ల వాడకం దాని పేరు మీద ఉంది. మీకు కనబడిన అకౌంట్ లాంటిదే అనుకోండి. దాన్ని తీసేశారు, అక్కడితో అయిపోయిందనుకున్నారు. కొద్ది రోజులకే తెలిసింది, ఆ ఏడాదంతా ఇంగ్లండులో ఉన్న పాత ఉద్యోగి ఒకాయన పేరు మీద ఎవరో లాగిన్ అవుతున్నారని. ఇక తీగ లాగితే డొంకంతా కదిలింది.

మీరిప్పుడు నిలబడ్డ చోటే ఆయనా నిలబడ్డాడు. తలుపు మూసెయ్యాలా, తెరిచి ఉంచి ఎవడొస్తాడో చూడాలా? మూస్తే వాడు ఇంకో కిటికీ వెతుక్కుంటాడు, అది ఏ కిటికీయో మీకు తెలియదు. తెరిచి ఉంచితే ఏం పట్టుకుపోతాడో తెలియదు. ల్యాబ్‌లో ఆయన పై అధికారి మూడు వారాలు టైమిచ్చి తేల్చమన్నాడు. ఆ మూడు వారాలు పది నెలలయ్యాయి.

మొదట చేసిన పని నాకు ఇప్పటికీ భలే ఇష్టం. ల్యాబ్‌లోకి బయటినుంచి 50 లైన్లు వచ్చేవి. వాడు ఏ లైన్లో వస్తున్నాడో తెలియదు. కంప్యూటర్‌లోనే నిఘా ప్రోగ్రాం పెట్టొచ్చు కానీ వచ్చినవాడు లోపల యజమాని హోదాలో, అంటే రూట్‌గా తిరుగుతున్నాడు, అలాంటివాడు లోపల ఏం నడుస్తోందో చూసేస్తాడు. అందుకని శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయాక, తోటివాళ్ళ బల్లల మీంచి ప్రింటర్లు, చిన్న కంప్యూటర్లు, దొరికినవన్నీ మోసుకొచ్చి లైనుకొకటి చొప్పున బయటినుంచి తగిలించాడు. లోపలికి వచ్చే ప్రతి అక్షరం, బయటికి పోయే ప్రతి అక్షరం కాగితం మీద పడాల్సిందే. వాటి మధ్యే నేల మీద పడుకున్నాడు. ఆ వారాంతంలోనే వాడొచ్చి పోయాడు. ఒక ప్రింటర్ ముందు 80 అడుగుల కాగితం పడి ఉంది, వాడు కొట్టిన కమాండ్లన్నీ దాని మీద ఉన్నాయి. వాణ్ణి ఆయన ముట్టుకోలేదు, వాడికి అనుమానమే రాలేదు. ఇవాళ మేం లాగ్స్‌ని (సర్వర్‌లో జరిగినదంతా టైముతో నమోదయ్యే ఫైళ్ళు) ఆ సర్వర్‌లోనే ఉంచకండి, వేరే మిషన్‌కి పంపించండి, ఆ మిషన్ పాస్‌వర్డ్ ఈ సర్వర్‌లో ఎక్కడా ఉండకూడదు అని మొత్తుకుంటామే, దాని తాతముత్తాత ఆ కాగితపు చుట్ట.

ఆ కాగితంలో కనబడిన మోసం మనవాళ్ళకి ఒక్క మాటలో అర్థమవుతుంది. కోయిల తన గుడ్డు కాకి గూట్లో పెడుతుంది, కాకి తనదే అనుకుని పొదుగుతుంది. జీఎన్‌యూ ఈమాక్స్ అనే ఎడిటర్‌తో పాటు, ఈమెయిల్ ఉత్తరాల ఫైలుని ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిపే చిన్న ప్రోగ్రాం ఒకటి వచ్చేది. అక్కడ దానికి రూట్ అధికారం ఇచ్చి పెట్టారు, అంటే ఏ ఫైలునైనా ఎక్కడికైనా జరిపెయ్యగలదు. సిస్టమ్ ఐదు నిమిషాలకోసారి తనంతట తాను నడిపే ప్రోగ్రాం ఇంకొకటి ఉంది. ఈ హ్యాకర్ తన సొంత ప్రోగ్రాంకి అదే పేరు పెట్టి, ఉత్తరాలు జరిపే దారిలో దాన్ని అసలుదాని చోటికి జరిపాడు. ఐదు నిమిషాలు ఆగాడు. సిస్టమ్ దాన్ని తన పిల్లే అనుకుని నడిపింది, వాడు రూట్ అయ్యాడు. తర్వాత అసలు ప్రోగ్రాంని దాని చోట పెట్టేసి జాడలు తుడిచేశాడు. మీ దగ్గరా ఎవరో తొందరలో రూట్ అధికారం ఇచ్చి మరిచిపోయిన స్క్రిప్ట్ ఒకటి ఉంటుంది, అదేదో ముందు చూడండి.

వాడెక్కడివాడు? ఇక్కడ చిన్న చిన్న విషయాలే ఆయనకి సాయం చేశాయి. నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా కోసం వాడు కొట్టే కమాండ్‌లో 'ఎఫ్' అనే అక్షరం ఉండేది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో బర్కిలీ రకం వాడేవాళ్ళకి ఆ అవసరం లేదు, ఏటీ అండ్ టీ కంపెనీ రకం మీద చెయ్యి తిరిగినవాడికి అలవాటు. అంటే పక్క వీధి కాలేజీ కుర్రాడు కాదు. మన దగ్గర ఇడ్లీలోకి సాంబారు అడిగే తీరు చూసి ఏ ఊరో చెప్పేస్తారు కదా, అలాగన్నమాట. వచ్చే వేళలు చూస్తే చాలావరకు కాలిఫోర్నియా మధ్యాహ్నం. మధ్యాహ్నం పూట తీరిగ్గా కూర్చుని హ్యాకింగ్ చేసేదెవరు? యూరప్‌లో అయితే అది రాత్రి తొమ్మిది, ఫోన్ చార్జీలు తగ్గే వేళ. ఖగోళ శాస్త్రవేత్త కాబట్టి అలవాటు కొద్దీ ప్రతిదీ టైముతో సహా లాగ్‌బుక్కులో రాసుకునేవాడు. ఏ రోజు, ఎన్ని నిమిషాలు, ఏ మిషన్ మీద పడ్డాడు, నేను ఎవరికి ఫోన్ చేశాను, వాళ్ళేమన్నారు, అన్నీ. చివరికి నిలబడింది ఆ పుస్తకమే.

వాడు పోయే చోట్లు చూస్తే కాళ్ళు వణికే రకం. బర్కిలీ వాడికి మజిలీ మాత్రమే, అక్కడినుంచి సైన్యం నెట్‌వర్క్‌లోకి పోతున్నాడు. అలబామాలోని ఆర్మీ డిపో, కాలిఫోర్నియాలో ఎయిర్‌ఫోర్స్ స్పేస్ డివిజన్, పెంటగాన్‌లోని డేటాబేస్. 'న్యూక్లియర్', 'ఎస్‌డీఐ' లాంటి మాటలు పెట్టి వెతుకుతున్నాడు. అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ పెట్టిన, శత్రువు క్షిపణుల్ని దారిలోనే కూల్చాలనుకున్న స్టార్ వార్స్ ప్రాజెక్టు అసలు పేరు ఆ ఎస్‌డీఐ. నాలుగు వందలకి పైగా మిషన్ల మీద ప్రయత్నిస్తే ముప్ఫై పైచిలుకు తెరుచుకున్నాయి. పెద్ద మాయాజాలమేం లేదు, కంపెనీ పంపినప్పుడున్న పాస్‌వర్డ్ మార్చని మిషన్లు అవి. 'ఫీల్డ్' అనే అకౌంట్‌కి 'సర్వీస్' అని కొడితే చాలు లోపలికి పోయేవాడు. ఇవాళ మన వీధి సీసీ కెమెరాల్లో సగం ఇలాగే ఉన్నాయి, నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఒకసారి వాడు నిజంగా పనికొచ్చే ఫైలు దింపుకోబోతుంటే స్టోల్ ఏం చేశాడో చూడండి. లైను తెంపేస్తే వాడికి తెలిసిపోతుంది. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, ఆ లైను వైర్ల మీద గలగలలాడించాడు. లైన్లో గరగర వచ్చినట్టై అక్షరాలు చెదిరిపోయాయి. వాడు లైను బాగాలేదనుకుని విసుక్కుని పోయాడు. ఎన్ని లక్షల సాఫ్ట్‌వేర్ కొన్నా అంత చవకైన రక్షణ నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు మీకు అసలు పనికొచ్చే భాగం. మనిషిని పట్టుకోవాలంటే పోలీసులు కావాలి. స్టోల్ ఎఫ్‌బీఐకి ఫోన్ చేస్తే నష్టమెంత అన్నారు. 75 సెంట్లు. ఐదు లక్షల డాలర్ల నష్టమో, ప్రభుత్వ రహస్యమో పోయిందని చూపించు, అప్పుడు చూద్దాం అన్నారు. సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ అనే గూఢచారి సంస్థలు, ఎయిర్‌ఫోర్స్ దర్యాప్తు విభాగం, అందరూ శ్రద్ధగా విన్నారు, వివరాలు రాసుకున్నారు, మళ్ళీ ఏమైనా జరిగితే చెప్పమన్నారు, ఇది మా పరిధి కాదన్నారు. ఎవరికి వారే యమునా తీరే. టిమ్‌నెట్ అనే నెట్‌వర్క్ దాకా దారి దొరికింది, దాన్ని పట్టుకుని వెళితే వర్జీనియాలోని రక్షణ శాఖ కాంట్రాక్టరు ఆఫీసు ఫోను లైను. కాలిఫోర్నియా కోర్టు ఇచ్చిన వారంటు వర్జీనియాలో చెల్లదు. తీరా చూస్తే హ్యాకర్ అక్కడా లేడు, ఆ ఆఫీసు మోడెములని (ఫోను లైను మీద కంప్యూటర్లని కలిపే పెట్టెలు) వాడుకుని, వాళ్ళ ఖర్చుతోనే దేశమంతా ఫోన్లు కొడుతున్నాడు. తర్వాత తేలింది, టిమ్‌నెట్‌లోకి వస్తున్న దారి అట్లాంటిక్ అవతలినుంచని. పశ్చిమ జర్మనీ, బ్రెమెన్ యూనివర్సిటీ, చివరికి హానోవర్ నగరం.

హానోవర్‌లో ఇంకో చిక్కు. అక్కడి టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో పాతకాలపు మెకానికల్ స్విచ్చులు. ఒక ఫోను ఎక్కడినుంచి వస్తోందో తేల్చాలంటే మనిషి ర్యాకుల మధ్య తిరిగి వైరు వెంట వైరు చూసుకుంటూ పోవాలి, గంటకు పైనే పట్టేది. వాడేమో కొద్ది నిమిషాలు తిరిగి వెళ్ళిపోతున్నాడు. గంటసేపు కూర్చోబెట్టాలంటే చదవడానికి ఏదైనా పెట్టాలి. స్టోల్, న్యాయశాస్త్రం చదువుతున్న ఆయన స్నేహితురాలు కలిసి, స్నానం చేస్తూ వేసిన పథకం ఇది. లేని ప్రాజెక్టు ఒకటి పుట్టించారు, పేరు ఎస్‌డీఐ నెట్. లేని సెక్రటరీని పుట్టించి ఆవిడ పేరు మీద అకౌంట్ తెరిచారు. ప్రభుత్వ ఆఫీసుల పాత కాగితాలు తీసుకుని, పేర్లు మార్చి, అర్థమయ్యీ కానట్టుండే భాషలో ఫైళ్ళు నింపారు. మరిన్ని పత్రాలు కావాలంటే ఫలానా చిరునామాకి ఉత్తరం రాయండి అని కూడా పెట్టారు. 1987 జనవరిలో వాడొచ్చి చూశాడు. గంటకు పైగా కదల్లేదు. అవతల హానోవర్‌లో ట్రేస్ పూర్తయింది.

ఆ తర్వాత వచ్చిందే నాకు ఒళ్ళు జలదరించే ముక్క. మూడు నెలలకి ల్యాబ్‌కి పోస్టులో నిజం ఉత్తరం వచ్చింది. పిట్స్‌బర్గ్‌లోని ఓ వ్యక్తి, ఎస్‌డీఐ నెట్ పత్రాలు పంపమని పేర్లతో సహా జాబితా రాశాడు. ఆ పేర్లు ప్రపంచంలో ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి, వాటిని తెరిచి చదివిన బయటివాడు ఒక్కడే. అంటే హానోవర్‌లో చదివినది ఎవరి చేతుల మీదుగానో సముద్రం దాటి అమెరికాకే తిరిగొచ్చింది. అప్పుడుగానీ ఎఫ్‌బీఐ కుర్చీలో సర్దుకుని కూర్చోలేదు.

ఇక మీరడిగిన రెండో సగం, పట్టుకున్నాక సంగతి. 1987 జూన్ చివర్లో జర్మన్ పోలీసులు హానోవర్‌లో మార్కస్ హెస్ అనే కుర్రాడి ఇంటి మీద పడ్డారు, తీసుకెళ్ళారు. నిలబెట్టేంత సాక్ష్యం లేదని వదిలేశారు! పది నెలల కష్టం, 80 అడుగుల కాగితం, అంతా ఉండి కూడా. మళ్ళీ అరెస్టయింది 1989 మార్చిలో. అదీ అదే ముఠాతో సంబంధమున్న వేరే కుర్రాళ్ళు తమంతట తాము అధికారులకి చెప్పుకోవడం వల్ల కేసు కదిలింది. దోచిన సమాచారం, సాఫ్ట్‌వేర్ తూర్పు బెర్లిన్‌లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ మనుషులకి అమ్మారని తేలింది. 1990 ఫిబ్రవరిలో సెల్లే కోర్టు తీర్పు: హెస్‌కి 20 నెలలు, ఇంకొకడికి రెండేళ్ళు, మూడోవాడికి 14 నెలలు. ముగ్గురికీ శిక్ష నిలిపివేసి ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడిక షరతు మీద వదిలారు. కొద్దిపాటి జరిమానాలు. తీర్పు తర్వాత ఒక్కడూ శిక్ష అనుభవించడానికి జైలుకి పోలేదు. అలా ముందుకొచ్చి చెప్పుకున్న కుర్రాళ్ళలో కార్ల్ కోచ్ ఒకడు, 23 ఏళ్ళవాడు, 1989 మేలో పనికని బయల్దేరి తిరిగి రాలేదు. అడవిలో కాలిపోయిన శవం దొరికింది. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు, నమ్మనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. హ్యాకర్ దొరికాడు అని పేపర్లో చదివి సంబరపడేవాళ్ళకి నేను ఈ ముక్క తప్పకుండా చెబుతాను.

స్టోల్ సంగతి చెప్పకపోతే వెలితి. తర్వాత కాలంలో ఆయనే ఒక పత్రికలో, 1995లో, ఇంటర్నెట్‌లో కొనుగోళ్ళూ అవీ సాగవని రాశాడు. ఇప్పుడు ఓక్లండ్‌లో ఇంటి నేల కింద గాజు క్లెయిన్ సీసాలు (లోపలా బయటా తేడా లేని వింత ఆకారం) నిల్వ పెట్టుకుని ఇంటర్నెట్‌లోనే అమ్ముతున్నాడు. ఆ తప్పు జోస్యం గురించి ఆయనే నవ్వుకుంటాడు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, ఇది అంత గొప్పగా ఉండదు. కోస్తాలో ఓ ఊరు, మందుల హోల్‌సేల్ వ్యాపారం, పేరు అక్కర్లేదు. అక్కడా పట్టింది లెక్కలాయనే. ముప్ఫై ఏళ్ళుగా ఆ గద్దె మీదున్న పెద్దాయన, నెలాఖరు టాలీలో కొన్ని బిల్లుల డిస్కౌంటు శాతం తను వేసినట్టు లేదని పట్టుబట్టాడు. ఓనరు నమ్మలేదు, వయసైపోయింది మీకు అన్నాడు. రెండో నెలా వచ్చేసరికి నన్ను పిలిచారు. నేను వెళ్ళి లాగ్స్ తీస్తే బిల్లులు మారిన టైము ప్రతిసారీ రెండు గంటల నలభై నిమిషాలు, అటూ ఇటూగా. అర్ధరాత్రి అన్నమాట అనుకున్నాం. రాత్రిపూట స్టాకు ఎక్కించడానికి ఉండే డేటా ఎంట్రీ కుర్రాడు ఒకడున్నాడు. ఓనరు ఇంకేం అడగలేదు. రెండు రోజులు వాణ్ణి ఎదురుగా నిలబెట్టి నానా మాటలూ అన్నాడు, వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి నేను లాగిన్ అయ్యాను, ఊరికే నా ఎంట్రీ ఎలా పడుతుందో చూద్దామని. రెండున్నర అని పడింది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి ఆధారంగా పెట్టుకునే టైములో ఉంది. మన టైముకి ఐదున్నర గంటలు వెనక. రెండు నలభై అంటే ఉదయం ఎనిమిదీ పది. ఆ వేళకి రాత్రి కుర్రాడు ఇంటికెళ్ళి పడుకుని ఉంటాడు. అంత చిన్న విషయం మొదటి గంటలో చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. ఎనిమిదీ పదికి బయటినుంచి వస్తున్నది ఏడాది కిందట మానేసిన పాత ఉద్యోగి. వెళ్ళేటప్పుడు తాళాలు తీసుకున్నారు, బండి తీసుకున్నారు, దూరంనుంచి సర్వర్‌లోకి వచ్చే అకౌంట్ మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. తనకి తెలిసిన రెండు షాపులకి డిస్కౌంటు పెంచి కమిషన్ తినేవాడు. పోలీసులు ఇంటర్నెట్ కంపెనీకి రాసి, వాడు వచ్చిన ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) ఎవరిదో తెప్పించారు, దానికి ఆరు వారాలు పట్టింది. తర్వాత? వాళ్ళ నాన్న వచ్చి ఓనరు చేతులు పట్టుకున్నాడు. డబ్బు తిరిగి కట్టారు, రాజీ అయ్యింది. రాత్రి కుర్రాడికి ఓనరు సారీ చెప్పాడు, జీతం కూడా పెంచుతానన్నాడు. వాడు ఆ నెల జీతం తీసుకుని మానేశాడు. నేనూ ఫోన్ చేశాను, రెండుసార్లు. ఎత్తలేదు.

ఇక మీ విషయానికొస్తే. స్టోల్ లాగా తలుపు తెరిచి పెట్టి పది నెలలు కూర్చుందాం అనుకోకండి. మన దగ్గర 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (సైబర్ ప్రమాదాల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి చెప్పాలి. అదే ఆదేశాల్లో లాగ్స్ 180 రోజులు దాచాలని, గడియారాలన్నీ సరైన టైముకి కలపాలని కూడా ఉంది (నాకు ఆ రెండోది చదివినప్పుడల్లా ఆ కుర్రాడే గుర్తొస్తాడు). 180 రోజులంటే దాదాపు ఆరు నెలలు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, చాలా కంపెనీలకి విషయం తెలిసేది అప్పుడే.

ఫార్మాట్ మాత్రం ఇప్పుడే వద్దు. మేనేజర్ గారికి అర్థమయ్యేలా ఇలా చెప్పండి: సార్, డిస్కు మార్చి కొత్త డిస్కు మీద సర్వర్ లేపుదాం, వ్యాపారం ఆగదు, పాత డిస్కు అలాగే బీరువాలో పెడదాం. దానికి ముందు మిషన్ ఆపకుండా మెమరీ కాపీ తీసుకోగలిగితే తీసుకోండి, ఆపేస్తే అందులో ఉన్నది పోతుంది. చేతకాకపోతే కెలకొద్దు, నెట్‌వర్క్ కేబుల్ పీకి తెలిసినవాళ్ళని పిలవండి. డిస్కుకి పూర్తి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ తీసి, దాని హ్యాష్ విలువ (కాపీలో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి పెట్టుకోండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ అడుగుతారు. ఇంతకుముందు పాత సాక్ష్య చట్టంలో 65బీ అనేవాళ్ళు కదా, దాని వారసుడు. ఆ కాపీ ఎవరు తీశారు, ఎప్పుడు, ఎవరి చేతికిచ్చారు, ఒక నోటుబుక్కులో పెన్నుతో రాయండి. ఎక్సెల్‌లో కాదు. గోడ గడియారం టైమూ, సర్వర్ టైమూ పక్కపక్కనే రాయండి.

వాడి ఐపీ అడ్రస్ దొరికింది కదా అని మీరు వాడి మిషన్‌లోకి దూరే ప్రయత్నం చెయ్యకండి. నూటికి తొంభై సార్లు అది వాడి మిషన్ కాదు, మీలాగే మోసపోయిన ఇంకొకడిది. పైగా ఐటీ చట్టం మీకూ అంతే వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి పోవడం సెక్షన్ 43, దురుద్దేశంతో చేస్తే 66, మూడేళ్ళ దాకా జైలు లేదా ఐదు లక్షల దాకా జరిమానా లేదా రెండూ. దర్యాప్తు చెయ్యాల్సింది ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి, కాబట్టి సైబర్ క్రైమ్ స్టేషన్‌కే వెళ్ళండి. డబ్బు కూడా పోయి ఉంటే నడుచుకుంటూ వెళ్ళేలోపు ముందు 1930కి ఫోన్ కొట్టండి, బ్యాంకులో ఆపించడానికి తొలి గంటలే పనికొస్తాయి.

శిక్ష మీద ఆశలు పెట్టుకోకండి. 66 కింద నేరానికి బెయిలు వస్తుంది, విచారణ ఏళ్ళ తరబడి సాగుతుంది, మీరే నాలుగుసార్లు కోర్టుకి తిరగాలి. ఈలోపు మీరు ఉద్యోగం మారిపోతే ఆ సర్టిఫికెట్ మీద సంతకం మీదే కాబట్టి సమన్లు మీ కొత్త ఊరికొస్తాయి. నష్టపరిహారం కావాలంటే వేరే దారి ఉంది, రాష్ట్ర ఐటీ కార్యదర్శి అడ్జుడికేటింగ్ అధికారిగా ఐదు కోట్ల దాకా ఉన్న దావాలు వింటారు. దానికీ కాగితాలే ముఖ్యం. అయినా పట్టుకోవడం వృథా అని నేననను. వాడు ఏ దారిన వచ్చాడో తేలకపోతే, కొత్తగా వేసిన సర్వర్‌లోకి కూడా వాడు అదే దారిన వస్తాడు, ఫార్మాట్ కొట్టిన వారానికే మళ్ళీ అదే అకౌంట్ ప్రత్యక్షమైన చోట్లు నేను మూడు చూశాను. మీ మేనేజర్ గారికి ఇది చెప్పండి, చట్టం గురించి చెప్పేదానికన్నా తొందరగా ఎక్కుతుంది.

ఒక పని ఇవాళే చెయ్యండి. గత రెండేళ్ళలో మీ ఆఫీసు మానేసినవాళ్ళ జాబితా హెచ్‌ఆర్ దగ్గర తీసుకుని, ఒక్కొక్క పేరూ సర్వర్ యూజర్లతో, వీపీఎన్ యూజర్లతో (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే అకౌంట్లు) పోల్చి చూడండి. ఎవరి మీదా అనుమానం పైకి అనకండి, మొహంలో కూడా చూపించకండి, టైము సరిచూసుకునే దాకా అసలే వద్దు.

సర్వర్ లైనక్సా విండోసా, ఆఫీసులోనే ఉందా క్లౌడ్‌లో ఉందా, ఆ కొత్త అకౌంట్ ఏ తేదీన తయారైనట్టు చూపిస్తోంది, ఈ మూడూ కింద రాయండి. ఏ ఫైళ్ళు ముందు చూడాలో రాత్రి భోజనం అయ్యాక కూర్చుని రాస్తాను.